వెనుక ఇరుసు ఎత్తు: ద్రవపీడన ఆధారముగల వాహనములలో దాని సవరణ

బండి చక్రములపై నడచును. బండిలోని బరువు మాత్రము స్ప్రింగులపై నిలుచును. నేలకును వాహనపు అడుగుభాగమునకును నడుమ ఎంత ఎత్తు ఉండవలెనో తయారుచేసినవారు ముందుగానే నిర్ణయించి ఉందురు. ఖాళీగా ఉన్నప్పుడు ఒక ఎత్తు, బరువు ఎక్కిన తరువాత మరియొక ఎత్తు ఉండుట మనమందరము ప్రతిదినము చూచుచున్న విషయమే. ఈ తేడా ముందు భాగములో కన్న వెనుక భాగములో ఎక్కువగా కనబడును. ముందు ఇరుసుపై ఇంజను బరువు ఎల్లప్పుడు ఒకే తీరుగా ఉండును. వెనుక ఇరుసుపై మాత్రము మనుష్యులు, ధాన్యపు బస్తాలు, చేపల పెట్టెలు ఎక్కుచు దిగుచు ఉండును. కావున వాహనపు ఎత్తును గురించిన చర్చ ముఖ్యముగా వెనుక ఇరుసును గురించిన చర్చయే.

మన ప్రాంతపు మెకానిక్కులు పట్టీల స్ప్రింగును ‘కమాన్’ అని, పట్టీలన్నిటిని కలిపి ‘కమాన్ కట్ట’ అని పిలుచుదురు. కమాన్ అనునది పారశీకమునుండి ఉర్దూకు, ఉర్దూనుండి మన తెలుగు కార్ఖానాలకు వచ్చిన మాట. దాని అర్థము విల్లు. ఉర్దూ, తెలుగు రెండును చదువుకొను మన విద్యార్థులకు ఈ మాట ఒక్కటే సగము పాఠము చెప్పును. విల్లు వంగినప్పుడే దానికి బలము. కమాను బరువు మోయవలెనన్న వంగక తప్పదు. వంగినచో ఎత్తు తగ్గక తప్పదు. బరువు మోయుట, ఎత్తు నిలుపుట అను రెండు పనులను ఒక్క కమాను ఒకేసారి చేయజాలదు. ఈ రెండు పనులను విడదీసి, మోయుటను వాయువునకును, ఎత్తు నిలుపుటను ద్రవమునకును అప్పగించిన పద్ధతియే ద్రవవాయు ఆధార పద్ధతి. దాని పనితీరును, అందులో వెనుక ఎత్తును సవరించు విధానమును, అది మన కృష్ణా డెల్టా వాహనములకు నేర్పు పాఠమును ఈ వ్యాసములో వివరింపదలచితిమి.

ఎత్తు తప్పినచో కలుగు నష్టము

వెనుక భాగము క్రుంగినచో చూపునకు బాగుండదని మాత్రమే చాలమంది తలంచుదురు. నష్టము చూపుతో ఆగదు. మచిలీపట్నమునుండి గుడివాడకు గాని, చల్లపల్లి మీదుగా అవనిగడ్డకు గాని రాత్రివేళ ప్రయాణము చేసినవారికి ఈ సంగతి బాగుగా తెలియును. డెల్టాలో అనేక రోడ్లు కాలువ గట్ల వెంట సాగును. ఒక ప్రక్క కాలువ, మరియొక ప్రక్క పొలము. ఎదురు బండి దీపములు కన్నులలో పడిన రెండు మూడు క్షణములలో డ్రైవరునకు గట్టు అంచు కనబడదు. ఆ క్షణములలో ఏమి జరుగునో వేరుగా చెప్పనక్కరలేదు.

దీనిని లెక్కతో చూతము. ఒక కారులో ముందు వెనుక ఇరుసుల నడుమ దూరము 2600 మిల్లీమీటర్లు అనుకొందము. బరువు వలన వెనుక భాగము 65 మిల్లీమీటర్లు క్రుంగినది, ముందు భాగము కదలలేదు అనుకొందము. అప్పుడు బండి వాలు 65ను 2600చే భాగింపగా నూటికి రెండున్నర పాళ్లు. సామాన్యముగా డిమ్ము దీపపు కాంతిని నూటికి ఒక పాలు క్రిందికి, అనగా 10 మీటర్ల దూరమున 10 సెంటీమీటర్లు దిగునట్లు అమర్చుదురు. దీపము నేలనుండి 65 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నచో, 50 మీటర్ల దూరమున కాంతి పై అంచు 15 సెంటీమీటర్ల ఎత్తునకు దిగి ఉండవలెను. వెనుక క్రుంగిన బండిలో అదే కాంతి నూటికి ఒకటిన్నర పాళ్లు పైకి లేచును. 50 మీటర్ల దూరమున దాని పై అంచు 140 సెంటీమీటర్ల ఎత్తున ఉండును. ఎదురుగా వచ్చు కారు డ్రైవరు కన్నులు సరిగా ఆ కాంతిలోనే ఉండును. డ్రైవరు డిమ్ము వేసినను వేయనట్లే అగును. తప్పు దీపముది కాదు, వెనుక ఇరుసుది.

బ్రేకుల సంగతి ఇంతకన్న ముఖ్యమైనది. అనేక వ్యానులలోను, సరకు బండ్లలోను వెనుక ఇరుసునకు ఒక చిన్న కడ్డీతో కలిపిన కవాటము ఉండును. ఛాసిస్ ఇరుసునకు దగ్గరగా వచ్చినప్పుడు బరువు ఎక్కువగా ఉన్నదని గ్రహించి అది వెనుక బ్రేకులకు ఎక్కువ పీడనమును పంపును. ఛాసిస్ పైకి లేచినప్పుడు బండి ఖాళీగా ఉన్నదని గ్రహించి పీడనమును తగ్గించును. వెనుక ఎత్తే ఈ కవాటమునకు తెలిసిన ఏకైక భాష. ఎత్తును ఆలోచన లేక మార్చినవారు తెలియకయే బ్రేకులకు అబద్ధము చెప్పినవారగుదురు.

ద్రవము చేయు పని

ఇచ్చట ఒక పొరపాటును ముందుగా తొలగింపవలెను. మోటారు సైకిళ్లకును, కార్లకును ఉండు షాక్ అబ్జార్బరులో నూనె ఉన్నందున దానిని కూడ ‘హైడ్రాలిక్’ అందురు. అది ఊపును అణచునే కాని బరువును మోయదు. దానిని మార్చినంత మాత్రమున క్రుంగిన బండి పైకి లేవదు. 2021లో సిట్రోయెన్ సంస్థ మన దేశములో ప్రవేశపెట్టిన సి5 ఎయిర్‌క్రాస్ కారులోని ద్రవపు మెత్తలును ఈ తరగతికి చెందినవే. అవి స్ప్రింగు కదలిక చివర తగులు దెబ్బను మెత్తపరచును గాని ఎత్తును సవరింపవు. మనము చెప్పుకొనునది ద్రవము స్వయముగా బరువును నిలుపు పద్ధతి.

దీనికి ఆధారము పాస్కల్ నియమము. 1623 మొదలు 1662 వరకు జీవించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బ్లేజ్ పాస్కల్, మూసియున్న ద్రవముపై ఒకచోట కలిగించిన పీడనము అన్ని దిక్కులకు సమానముగా వ్యాపించునని నిరూపించెను. పీడనము సమానముగా ఉన్నప్పుడు విశాలమైన పిస్టన్‌పై బలము ఎక్కువగా ఉండును. పది చదరపు సెంటీమీటర్ల పిస్టన్‌పై 80 బార్ల పీడనమున్నచో అది సుమారు 800 కిలోగ్రాముల బరువును మోయగలదు. ఒక బార్ అనగా చదరపు సెంటీమీటరునకు దాదాపు ఒక కిలోగ్రాము అని గుర్తుంచుకొనిన చాలును.

అయితే ద్రవము అణగదు. కేవలము ద్రవముపై నిలిచిన బండి రాతిపై నిలిచిన బండి వలె కుదుపును. మెత్తదనము వాయువునుండి రావలెను. అందుకే ప్రతి చక్రమునకు ఒక ఉక్కు గోళమును అమర్చి, దాని లోపల రబ్బరు వంటి పొరను అడ్డుగా ఉంచి, ఒక ప్రక్క నైట్రోజన్ వాయువును, మరియొక ప్రక్క ద్రవమును నింపినారు. చక్రము గుంటలో పడి లేచినప్పుడు పిస్టన్ ద్రవమును గోళములోనికి నెట్టును. ద్రవము వాయువును అణచును. వాయువు తిరిగి విచ్చుకొనును.

బరువు పెరిగినప్పుడు ఏమి జరుగునో బాయిల్ నియమము చెప్పును. ఉష్ణోగ్రత మారనప్పుడు పీడనము రెట్టింపయినచో వాయువు ఘనపరిమాణము సగమగును. ఉదాహరణకు 40 బార్ల వద్ద 400 ఘన సెంటీమీటర్లు ఉన్న వాయువు 80 బార్ల వద్ద 200కు, 120 బార్ల వద్ద సుమారు 133కు తగ్గును. కారులోనికి మనుష్యులు ఎక్కుటచే గోళపు పీడనము 80 నుండి 120కి పెరిగినచో 67 ఘన సెంటీమీటర్ల చోటు ఖాళీ అగును. ఆ చోటులోనికి పిస్టన్ క్రింది ద్రవము పోవును, బండి క్రుంగును. మరల ఎత్తు రావలెనన్న అంతే ద్రవమును కొత్తగా చేర్చవలెను. బరువు దిగిన తరువాత అంతే ద్రవమును తీసివేయవలెను. ఎత్తు సవరణ అనగా మౌలికముగా ఇంతే: కొలిచి, తక్కువైనంత పోసి, ఎక్కువైనంత తీయుట.

తనంతట తాను కొలుచుకొను కవాటము

కొలుచు పని ఎవరిది? ఇరుసుతోపాటు కదలు ఒక సన్నని కడ్డీ ఛాసిస్‌పై ఉన్న కవాటమును నడుపును. దీనిని ఎత్తు సవరించు కవాటము అందుము. దానికి మూడు దారులు ఉన్నవి. ఒకటి పంపునుండి వచ్చునది, ఒకటి గోళములకు పోవునది, ఒకటి తొట్టికి తిరిగి పోవునది. బండి క్రుంగినప్పుడు కడ్డీ కవాటమును ఒక ప్రక్కకు నెట్టును; పంపు దారి తెరచుకొని ద్రవము లోనికి పోవును; బండి లేచును. సరియైన ఎత్తు రాగానే కడ్డీ యథాస్థానమునకు వచ్చి దారులన్నిటిని మూయును. బండి ఎక్కువగా లేచినచో తొట్టి దారి తెరచుకొనును. రోడ్డుమీది ప్రతి గుంటకు కవాటము తొందరపడి స్పందింపకుండుటకు దానిలో ఒక ఆలస్యపు ఏర్పాటు ఉన్నది. కొన్ని క్షణములపాటు నిలిచియున్న మార్పునకు మాత్రమే అది కదలును.

కొలుచుట, పోల్చుట, సవరించుట, ఆగుట అను ఈ నాలుగు మెట్ల ఆలోచన ఆధునికులు మాత్రమే కనుగొనినది కాదు. తొమ్మిదవ శతాబ్దమున బాగ్దాదులో నివసించిన ముహమ్మద్, అహ్మద్, హసన్ అను ముగ్గురు సోదరులు, బనూ మూసాగా ప్రసిద్ధులైనవారు, ‘కితాబ్ అల్ హియల్’ అను యంత్రగ్రంథమును రచించినారు. నీటి మట్టము తగ్గగానే తెరచుకొని, నిండగానే మూసికొను తేలుడు కవాటములు అందులో వర్ణింపబడినవి. మన ఇంటి మిద్దెపై నీళ్ల ట్యాంకులో బంతి వాల్వు చేయుచున్న పని అదియే. ఉర్దూలో సమతౌల్యమును తవాజున్ అందురు. తవాజున్ అనగా కదలక ఉండుట కాదు, కదలిన ప్రతిసారి తన చోటునకు తిరిగి వచ్చుట అని ఈ కవాటము మనకు బోధించును.

ఈ ఆలోచనను కారునకు అన్వయించిన కీర్తి ఫ్రాన్సులోని సిట్రోయెన్ సంస్థలో పనిచేసిన పాల్ మజెస్ అను ఇంజనీరుకు దక్కినది. 1954లో ఆ సంస్థ తన 15-సిక్స్ హెచ్ కారులో ఈ పద్ధతిని వెనుక ఇరుసునకు మాత్రమే అమర్చినది. బరువు మారునది వెనుకనే గనుక ప్రయోగమును అచ్చటనే ప్రారంభించుట సమంజసము. 1955 అక్టోబరులో పారిస్ మోటారు ప్రదర్శనలో వెలువడిన డి.ఎస్. 19 కారులో నాలుగు చక్రములకును అది వచ్చినది. 1965లో వచ్చిన రోల్స్ రాయిస్ సిల్వర్ షాడో కారు ఎత్తు సవరణకు సిట్రోయెన్‌నుండి అనుమతి పొందిన పద్ధతినే వాడినది. జి.ఎస్., సి.ఎక్స్., బి.ఎక్స్., గ్జాంటియా, సి5 అను కార్లలో ఈ పద్ధతి కొనసాగి 2017లో సి5 ఉత్పత్తితోపాటు ముగిసినది. మన దేశములో అర్జున్ యుద్ధ ట్యాంకు ద్రవవాయు ఆధారముపైననే నడచును.

వెనుక ఎత్తును సవరించు క్రమము

సిట్రోయెన్ బి.ఎక్స్. వంటి కార్లలో మెకానిక్కులు అనుసరించు పద్ధతిని ఇచ్చట క్రమముగా చెప్పుచున్నాము. ఇట్టి కారు మన ఊరిలో కనబడకపోయినను క్రమము నేర్చుకొనదగినది. కొలత ఎట్లు చేయవలెనో అది నేర్పును.

మొదటిది, సిద్ధత. నేల సమముగా ఉండవలెను. చక్రములు ఒకే కొలతవై, టైర్లలో గాలి నిర్ణీత ప్రమాణములో ఉండవలెను. గాలి తక్కువైన టైరుతో కొలిచిన ఎత్తు అబద్ధమగును. బండిలో సామాను ఉండరాదు. ఇంజను మెల్లగా నడచుచుండవలెను. డ్రైవరు వద్దనున్న ఎత్తు మీట సామాన్య స్థానములో ఉండవలెను. చక్రములు కొద్దిగా దొర్లుటకు వీలుండవలెను. బండి లేచి దిగునప్పుడు వెనుక చేతులు వర్తులాకారముగా కదలును గనుక, బ్రేకుతో బిగించిన చక్రము బండిని సహజమైన ఎత్తునకు రానీయదు. అందుచే చక్రములకు అడ్డుపెట్టు దిమ్మలను కొద్ది ఎడముగా ఉంచవలెను.

రెండవది, ద్రవ పరీక్ష. తొట్టిలోని ద్రవపు మట్టమును ఇంజను నడచుచుండగా, బండిని పూర్తి ఎత్తున నిలిపి చూడవలెను. క్రుంగియున్న బండిలో గోళములనుండి ద్రవము తొట్టికి చేరి మట్టము ఎక్కువగా కనబడును. ద్రవపు జాతియు ముఖ్యమే. 1960ల నడిమి వరకు ఎర్రని ద్రవము, తరువాత ఆకుపచ్చని ఖనిజ తైలము వాడబడినవి. ఒకదానికి బదులు మరియొకదానిని పోసినచో రబ్బరు సీళ్లు చెడును. బి.ఎక్స్. కారులో పంపు పీడనము 145 బార్లకు తగ్గగానే నిల్వగోళమును నింపుటకు మొదలిడి 170 బార్ల వద్ద ఆగును. పంపు మాటిమాటికి మొదలిడుచున్నచో లోపము మరియొకచోట ఉన్నదని గ్రహింపవలెను. దానిని బాగుచేయక ఎత్తును ముట్టరాదు.

మూడవది, కొలత. తయారీదారులు చెప్పిన బిందువునుండి నేల వరకు కొలువవలెను. ముందుగా వెనుక భాగమును చేతులతో పైకెత్తి, బరువు తెలియగానే వదలవలెను. బండి దిగి, లేచి, నిలుచును. ఆ ఎత్తును వ్రాసికొనవలెను. తరువాత వెనుక భాగమును క్రిందికి నొక్కి వదలి, నిలిచిన తరువాత మరల కొలువవలెను. ఈ రెండింటి సగటే నిజమైన ఎత్తు. ఉదాహరణకు మొదటి కొలత 442, రెండవది 434 మిల్లీమీటర్లు అయినచో సగటు 438. ఉండవలసినది 430 అయినచో 8 మిల్లీమీటర్లు తగ్గింపవలెను. ఈ రెండు కొలతల నడుమ తేడా చాల ఎక్కువగా ఉన్నచో వెనుక చేతుల బేరింగులు బిగిసినవని అర్థము. అది సవరణతో పోవునది కాదు.

నాలుగవది, సవరణ. కవాటపు కడ్డీని యాంటీ రోల్ బార్ అను అడ్డుకడ్డీకి పట్టియుంచు బిగింపును కొద్దిగా వదులు చేసి, కావలసిన దిక్కునకు చాల స్వల్పముగా త్రిప్పి, మరల బిగింపవలెను. పిదప మూడవ మెట్టు మొత్తము తిరిగి చేయవలెను. ఒకసారి త్రిప్పి కన్నుతో చూచి సరియే అనుకొనుట పనికిరాదు. ఎడమ, కుడి ప్రక్కలకు ఒకే కవాటము ద్రవమును పంపును గనుక, రెండు ప్రక్కల ఎత్తులు వేరువేరుగా ఉన్నచో దానికి కారణము కవాటము కాదు. టైర్లు, చేతులు, అడ్డుకడ్డీ అను వానిలో వెదకవలెను.

ఈ క్రమములో మరియొక సూక్ష్మము ఉన్నది. ఇట్టి కార్లలో వెనుక బ్రేకులకు వెనుక ఆధారపు పీడనమే పోవును. బరువు ఎక్కినప్పుడు పీడనము పెరుగును, బ్రేకుబలమును దానితో పెరుగును. ఎత్తు ఒక్కటే నిలుపుట కాక, ఎత్తు నిలుపు బలమునుండియే బ్రేకులను నడుపుట ఈ నిర్మాణములోని వివేకము.

మన పొలములలోని ద్రవపీడనము

ఈ కార్లు మనకు దూరమైనను వాని సూత్రము దూరము కాదు. దివిసీమలోను, గుడివాడ ప్రాంతములోను దమ్ము చేయు ప్రతి ట్రాక్టరు వెనుక భాగమున ఇదే సూత్రము పనిచేయుచున్నది. 1930లలో హ్యారీ ఫెర్గుసన్ రూపొందించిన మూడు చేతుల ద్రవపు లిఫ్టు ప్రపంచ వ్యవసాయమునే మార్చినది. డ్రైవరు మీటను ఒకచోట నిలుపగానే లిఫ్టు చేతులు అంత ఎత్తునకు లేచి ఆగును. చేతులు లేచుచుండగా లోపలి కడ్డీ కవాటమును మూయును. పై కవాటము చేసిన పనియే ఇది. దీనిని స్థాన నియంత్రణ అందురు. దమ్ము చేయునప్పుడును, రోటవేటరు వాడునప్పుడును ఇదియే తగినది. నాగలితో దుక్కి దున్నునప్పుడు మరియొక పద్ధతి ఉన్నది. అందులో కవాటము ఎత్తును కొలువక, నేల నాగలికి చూపు ఎదురుబలమును కొలుచును. నల్లరేగడి గట్టిపడినచోట ఎదురుబలము పెరుగగానే నాగలి కొద్దిగా లేచును; మెత్తనిచోట మరల దిగును. దీనిని బల నియంత్రణ అందుము. ఏ పనికి ఏ మీట అన్నది తెలియక రెండింటిని ఒకేవిధముగా వాడినచో దుక్కి లోతు తప్పును, డీజిలు వృథా అగును.

దూరప్రాంతములకు పోవు ఎ.సి. బస్సులలో కమాన్ల స్థానమున గాలి సంచులు ఉన్నవి. వానిలోను ఇరుసునుండి వచ్చు కడ్డీ ఒక కవాటమును నడుపును. అచ్చట ద్రవమునకు బదులు గాలి, సూత్రము ఒక్కటియే.

కమాన్ కట్టకు మరియొక పట్టీ

ఇక మన సరకు బండ్ల విషయము. ధాన్యపు కాలములో గాని, చేపల పట్టుబడిలో గాని వెనుక భాగము క్రుంగుచున్నదని కమాన్ కట్టకు అదనముగా ఒక పట్టీని వేయించుట మన ప్రాంతములో తరచుగా కనబడుచున్నది. ఇది ఎత్తును పెంచును గాని పై నాలుగు మెట్లలో ఒక్కదానిని కూడ పాటింపదు. ఖాళీగా ఉన్నప్పుడు వెనుక భాగము లేచిపోయి ముందు దీపములు నేలను చూచును. డ్రైవరునకు దారి కనబడదు. బరువు ఎక్కినప్పుడు ఛాసిస్ క్రుంగదు. బరువును గుర్తించు బ్రేకు కవాటము బండి ఖాళీగానే ఉన్నదనుకొని వెనుక బ్రేకులకు తక్కువ పీడనమును పంపును. అనగా బ్రేకు ఎక్కువగా కావలసిన వేళ తక్కువ లభించును. ఇంజనుతోపాటు ముందు బ్రేకులును ఆ భారమును మోయవలసి వచ్చును.

పట్టీ అదనముగా వచ్చినంత మాత్రమున ఇరుసు బలము గాని, టైరు బలము గాని పెరుగదు. ఈ మాట ద్రవపీడన బండ్లకును వర్తించును. క్రుంగని బండిని చూచి ఇంకను బరువు వేయవచ్చుననుకొనుట గొప్ప ప్రమాదము. కమాను క్రుంగుట కనీసము ఒక హెచ్చరిక. ఎత్తు నిలుపుకొను బండి ఆ హెచ్చరికను కూడ చేయదు. కావున ఎత్తు సరిగా ఉన్నది అన్నంతలో బరువు సరిగా ఉన్నదని భావింపరాదు.

మరి క్రుంగుచున్న బండికి మార్గమేమి? మొదట బరువును నిర్ణీత పరిమితికి తగ్గించి చూడవలెను. అప్పటికిని క్రుంగినచో విరిగిన లేక అలసిన పట్టీలను అదే రకపు పట్టీలతో మార్పింపవలెను. తరువాత బ్రేకు కవాటమును తయారీదారుల కొలత ప్రకారము సరిచేయించి, దీపములను గోడపై కొలిచి అమర్పింపవలెను. అనేక కార్లలో డ్రైవరు ప్రక్కన సున్న మొదలు 3 వరకు అంకెలుగల చిన్న చక్రము ఉండును. వెనుక బరువు ఎక్కినప్పుడు దానిని త్రిప్పి దీపములను దించుట కొరకే అది ఉన్నది. దానిని ఎన్నడు ముట్టని యజమానులే ఎక్కువ. ఈ వ్యాసము చదివిన విద్యార్థి తన ఇంటి కారులో ఆ చక్రమును ఒకసారి త్రిప్పి, ఎదుటి గోడపై కాంతి దిగుటను చూచినను మా శ్రమ ఫలించినట్లే.

ప్రాణములను గురించిన ఒక మాట

ద్రవము నిలుపు బరువు క్రిందికి మనిషి పోరాదు. ఇది ఈ పాఠములోని అన్ని సూత్రములకన్న ముఖ్యమైనది. ఒక గొట్టము పగిలినను, ఒక సీలు చెడినను, ఎవరైన తెలియక మీటను ముట్టినను ద్రవము క్షణములో పోవును. పైనున్న బరువు అంతే వేగముతో దిగును. ద్రవపీడన కారు క్రింద పని చేయవలసినప్పుడు బలమైన ఇనుప స్టాండ్లపై ఛాసిస్‌ను నిలుపవలెను. జాకీ ఒక్కటి చాలదు, ఇటుకలు అసలే పనికిరావు. టిప్పరు ట్రాలీ తొట్టి పైకి లేచియున్నప్పుడు దానికి ఆధారపు కమ్మిని పెట్టక క్రిందికి వంగరాదు. ట్రాక్టరు ఆపునప్పుడు రోటవేటరును నేలపై దించిన తరువాతనే ఇంజనును ఆపవలెను. చిన్నపిల్లలు ఆడుకొను కళ్లములలోను, ఇండ్ల ముంగిళ్లలోను ఈ నియమమునకు ఎంత విలువ ఉన్నదో పెద్దలు గ్రహింపగలరు.

పీడనముతో నిండిన గొట్టమును విప్పరాదు. సన్నని రంధ్రమునుండి వచ్చు ద్రవము చర్మమును చీల్చుకొని లోపలికి పోగలదు. అట్టి గాయము పైకి చిన్నదిగా కనబడినను వెంటనే వైద్యుని చూడవలసినదే.

కళాశాలలో చేయదగిన పని

ఈ సూత్రమును చూపుటకు ఖరీదైన యంత్రములు అవసరము లేదు. మందుల దుకాణములో దొరకు 5, 20 మిల్లీలీటర్ల సిరంజిలు రెండు, వానిని కలుపు ఒక గొట్టము, నీరు ఉన్నచో చాలును. పెద్దదానిపై బరువు నుంచి చిన్నదానిని వ్రేలితో నొక్కినచో పాస్కల్ నియమము చేతికి తెలియును. చిన్నది ఎంత దిగినది, పెద్దది ఎంత లేచినది అని స్కేలుతో కొలిచి, రెండు పిస్టన్ల వ్యాసములతో పోల్చినచో లెక్కయు సరిపోవును. నడుమ ఒక గాలి బుడగను ఉంచి మరల నొక్కినచో వాయువు ఇచ్చు మెత్తదనము తెలియును. నీటి ట్యాంకు బంతి వాల్వును ప్రయోగశాలలో బిగించినచో బనూ మూసా సోదరుల ఆలోచన కన్నులకు కట్టును. ఇట్టి చిన్న ప్రయోగములకు ఒక బల్లను, ఏడాదికొకసారి ఒక ట్రాక్టరు మరమ్మతు కార్ఖానా సందర్శనను కళాశాల కమిటీవారు ఏర్పాటు చేయుదురని ప్రార్థించుచున్నాము.

కొలత విద్య మన ఊరికి క్రొత్తది కాదు. శాస్త్రపరికరములను తయారుచేసిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ వెలసినది మచిలీపట్నములోనే. 1983లో అది భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థలో చేరినది. అట్టి ఊరిలో చదువుకొనుచు, కన్నుచూపుతో బండి ఎత్తును నిర్ణయించుట మనకు తగదు. కమాన్ పట్టీ కొట్టు ఉస్తాదు అనుభవమును, పుస్తకములోని పాస్కల్ లెక్కయు కలిసినప్పుడే మన కాలువ గట్లపై రాత్రి ప్రయాణము క్షేమమగును. ఈ రెండింటిని కలుపు బాధ్యత రెండు భాషలను చదువుకొనుచున్న మన విద్యార్థులు స్వీకరింతురని ఆశించుచున్నాము.